భూకంపమును కొలుచు మెట్లు

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు తెలంగాణమున భూమి కంపించినది. హైదరాబాదు వరకు జనులు ఉలికిపడిరి. భూకంప కేంద్రము ములుగు అనియు, పరిమాణము 5.3 అనియు వార్తలు వెలువడినవి. సిద్దిపేట జిల్లా మర్కూక్ వాసులకు ములుగనగా మొదట స్ఫురించునది తమ పొరుగు మండలము. వార్తలోనిది గోదావరి ప్రాంతపు ములుగు జిల్లా. ఊరి పేరు వలన కలుగు భ్రమ ఒక్క మాటతో తీరును. అంకె వలన కలుగు భ్రమ అంత తేలికగా తీరదు.

1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున మహారాష్ట్రమందలి కిల్లారి ప్రాంతమున వచ్చిన భూకంపపు పరిమాణము 6.2. దాదాపు పదివేలమంది మరణించిరి. ఈ రెండు అంకెల నడుమ ఒకటైనను భేదము లేదే, మనము అంతటి ప్రమాదపు అంచునకు పోయి వచ్చితిమా అని శ్రోతలు అడుగవచ్చును.

మర్కూక్ చెంతనున్న కొండపోచమ్మ సాగరమున నీటిమట్టమును మీటర్లతో కొలుతురు. ఐదవ మీటరు ఎంత పొడవో ఆరవ మీటరును అంతే. భూకంపపు కొలబద్ద అట్టిది కాదు. దానిపై ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది నేల ఊపు పదిరెట్లగును. 1935లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ ఈ పద్ధతిని ఏర్పరచెను. ఇట్లేల చేసెనో ఊహించుట కష్టము కాదు. భూకంపలేఖినిపై 3 పరిమాణపు కంపము ఒక మిల్లీమీటరు గీతగా పడినదనుకొందము. అంతే దూరమున వచ్చిన 8 పరిమాణపు కంపమునకు నూరు మీటర్ల గీత కావలెను! అంత కాగితమెక్కడిది? కనుక 10, 100, 1000 అని వ్రాయుటకు మారుగా వాని సున్నలను లెక్కించి 1, 2, 3 అనిరి. గణితమున సంవర్గమానమనునది ఇదియే. నేటి శాస్త్రజ్ఞులు రిక్టరు సూత్రమును చాలవరకు విడిచి వేరు పద్ధతులతో లెక్కించుచున్నను, ఈ మెట్లను మాత్రము విడువలేదు.

ఊపు పదిరెట్లయినచో వెలువడు శక్తి సుమారు 32 రెట్లగును. రెండు మెట్లకు వేయిరెట్లు. దశాంశముల మాటకు వచ్చినచో, 0.2 పెరిగిన మాత్రాననే శక్తి రెట్టింపగును. వార్తలలో 5.3 అని ఒకరు, 5.5 అని మరొకరు చెప్పినపుడు అది అల్పభేదమని త్రోసివేయరాదు. ఈ లెక్కన కిల్లారి కంపము ములుగు కంపముకన్న ఊపులో ఎనిమిది రెట్లు, శక్తిలో 22 రెట్లు అధికము.

అయినను పదివేల ప్రాణములు పోవుటకు ఈ 22 రెట్లు మాత్రమే కారణము కాదు. ప్రసారకేంద్రపు శక్తి ఇన్ని కిలోవాట్లని ఒకే అంకెతో చెప్పుదుము. మీ యింటి రేడియోలో వినబడు ధ్వని మాత్రము దూరమును బట్టియు, రేడియోను బట్టియు మారును. పరిమాణము కిలోవాట్ల వంటిది. ఇంటిగోడకు తగులు దెబ్బ వేరు. కిల్లారిలో కంపము భూమిలో లోతు తక్కువగా పుట్టినది. ఇండ్లు బరువైన రాళ్లను మట్టితో పేర్చి కట్టినవి. జనులు నిద్రలోనుండిరి.