ఆగని ఆలోచనకు మెదడులో ఓ తీగ

కడిగి కడిగి చేతులు పుండ్లు పడతాయి. గ్యాస్ కట్టేశామని తెలిసినా మళ్లీ వెళ్లి చూసుకోకపోతే స్థిమితం ఉండదు. ఇంట్లోవాళ్లు చాదస్తం అంటారు. కానీ ఇది ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక జబ్బు. ముదిరితే రోజంతా ఇలాగే గడిచిపోయి చదువు, ఉద్యోగం మూలపడతాయి. చాలామంది మందులతో, ప్రవర్తనా చికిత్సతో కుదుటపడతారు. ఏళ్ల తరబడి రెండూ వాడినా తేరుకోని కొద్దిమంది కోసం ఉన్నది మెదడులోకి తీగ దించి కరెంటు పంపే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్.

1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీం లూయీ బెనాబిద్ దీన్ని వణుకు రోగులకు వాడారు. ఓసీడీకి వాడిన ఫలితాలను 1999లో బెల్జియంకు చెందిన బార్ట్ నుటిన్ బృందం వెల్లడించింది. అంతకుముందు మెదడులో కొంత భాగాన్ని కాల్చేసేవారు. కాల్చింది తిరిగి రాదు. తీగలో కరెంటునైతే తగ్గించవచ్చు, ఆపేయవచ్చు. నా దృష్టిలో ఈ చికిత్సకున్న అసలు బలం ఇదే.

నుదుటి వెనకున్న మెదడుకూ, లోతుల్లోని స్ట్రయేటమ్, థాలమస్‌లకూ మధ్య ఒక నాడీ వలయం ఉంది. ఓసీడీలో అది అతిగా పనిచేస్తోందని స్కాన్లలో కనబడింది. పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి, ఆ వలయంలోకి సన్నని తీగలు దించుతారు. మెడ చర్మం కిందుగా తెచ్చి, ఛాతీలో అమర్చిన బ్యాటరీకి కలుపుతారు. సెకనుకు సుమారు 130 విద్యుత్ స్పందనలు వెళ్తుంటాయి.

2015లో 116 మంది రోగుల వివరాలను కలిపి చూస్తే, లక్షణాల తీవ్రత సగటున 45 శాతం తగ్గింది. సుమారు 60 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు జరిగింది. అంటే పూర్తిగా నయమైందని కాదు. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు గమనించిన క్రమం నన్ను ఆకట్టుకుంది: దిగులు ముందు తగ్గింది, తర్వాత ఆందోళన, ఆ తర్వాత పట్టి పీడించే ఆలోచనలు. కడగడం, సరిచూడడం మాత్రం మొండికేశాయి. వాటికోసం మళ్లీ ప్రవర్తనా చికిత్సే చేయాల్సి వచ్చింది. మురికి తాకినా కడుక్కోకుండా ఆగడం నేర్పే ఆ చికిత్సలో శిక్షణ పొందినవారు మన దగ్గర తక్కువ. దాన్ని సరిగా ప్రయత్నించకుండా ఆపరేషన్ మాట ఎత్తడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ప్రమాదాలున్నాయి. కరెంటు మోతాదు పెరిగితే కొందరిలో నిద్రపట్టని అతి హుషారు మొదలవుతుంది. బ్యాటరీ అయిపోతే జబ్బు తిరగబెట్టవచ్చు. కోత లేకుండా తల మీద అయస్కాంత స్పందనలిచ్చే చికిత్సకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది గానీ, అది వేరే పద్ధతి.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక జబ్బుకు మెదడు ఆపరేషన్ చేయాలంటే రోగి సమ్మతితో పాటు సంబంధిత బోర్డు ఆమోదం కూడా తప్పనిసరి. ఇంటిల్లిపాదీ ఎంత విసిగిపోయి ఉన్నా, రోగి బదులు వాళ్లు సంతకం పెడితే చాలదు.