పలకను తట్టి వినుట

కొత్తకుండను కొనబోవు ఇల్లాలు దానిని ఎడమచేతిపై నిలిపి, కుడిచేతి వ్రేలితో ఒకటి రెండు సారులు తట్టి చూచును. ఖంగుమని పలికినచో కొనును. బొంగురుగా పలికినచో ఎక్కడనో బీట కలదని గ్రహించి ప్రక్కకు పెట్టును. గిటారు చేయు పనివాడు చేయునదియు ఇంచుమించుగా ఇదియే. భేదమేమనగా, కుండ అప్పటికే కాలి సిద్ధమైనది; పనివాని చేతిలోని పలక ఇంకను సగము పనిలో నున్నది. తట్టగా వచ్చిన పలుకును బట్టి ఇంకను చిత్రిక పట్టవలెనో, మానవలెనో అతడు తేల్చుకొనవలెను. తీసిన చెక్క మరల రాదు. ఈ పనియందలి కష్టమంతయు ఆ చిన్నమాటలో నున్నది.

తీగ సన్నని వస్తువు. పెట్టె లేక ఒంటరిగా మ్రోగినచో దాని శబ్దము ప్రక్కగదికైనను చేరదు. తీగ గుర్రమును కదల్చును, గుర్రము పైపలకను, పైపలక గాలిని. వీణకు కుండ చేయు ఉపకారమునే గిటారునకు ఈ పెట్టె చేయుచున్నది. పైపలకకు తరచుగా వాడునది చల్లని దేశములందు పెరుగు స్ప్రూస్ అను సూదియాకుల చెట్టు. దాని చెక్క మిక్కిలి తేలిక. అయినను పోగు వెంబడి మంచి బిగువు గలది. పోగునకు అడ్డముగా ఆ బిగువులో పదవ వంతు మాత్రమే యుండును, ఒక్కొక్కప్పుడు అంతకన్నను తక్కువ. అందుచేతనే లోపలివైపున సన్నని బద్దలు అంటింతురు. పలక మందము రెండున్నర మిల్లీమీటర్లకు అటునిటు. ఇంత పలుచని పలక, నైలాను తీగలైనచో సుమారు 40 కిలోల లాగుడును, ఉక్కు తీగలైనచో 70 కిలోల వరకును, కొన్నిట అంతకు మించియు, ఏండ్ల తరబడి ఓర్వవలెను. మందమెక్కువైన పలక మూగపోవును. మరీ పలుచనైనది పొట్ట ఉబ్బి, గుర్రము ఒరిగి, పాడగును.

తట్టుటకును ఒక పద్ధతి కలదు. పైయంచునుండి పొడవులో ఇంచుమించు నాల్గవ వంతు దిగువన, ప్రక్కయంచునకు దగ్గరగా, బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను సుతారముగా పట్టి పలకను వ్రేలాడదీయవలెను. అది పలక అంతగా కదలని చోటు. మరియొకచోట పట్టినచో మన వ్రేళ్లే శబ్దమును మ్రింగివేయును. పిదప చెవిని దగ్గర చేర్చి నడుమ మెత్తగా తట్టవలెను. శ్రుతి ఎక్కడ నున్నదను దానికన్న, ఆ పలుకు ఎంతసేపు నిలిచినదను దానినే నేను ముందుగా విందును. నిలువని చెక్కను ఎంత చెక్కినను లాభము లేదు.

ఇక చెక్కునప్పటి లెక్క వినుడు. పలక మందమును పదింట ఒకపాలు తగ్గించినచో బరువు పదింట ఒకపాలే తగ్గును. వంగకుండ నిలుపు బిగువు మాత్రము నాల్గింట ఒకపాలునకు మించి తగ్గును. బద్దల సంగతి ఇంకను చిత్రమైనది. బద్ద వెడల్పును సగము చేసినచో బిగువు సగమగును. ఎత్తును సగము చేసినచో ఎనిమిదవ వంతే మిగులును! కావుననే ఉలి బద్దనెత్తిపై నడచునపుడు రెండు పొరలు తీసి ఒకసారి తట్టి వినవలసియుండును.

చెవికి వినవచ్చునది కంటికిని కనబడునని జర్మనీ దేశీయుడగు క్లాడ్ని 1787లో ప్రకటించెను. పలకపై ఇసుక చల్లి అంచున కమానుతో రాచినచో, కదలుచోట్లనుండి ఇసుక తొలగి, కదలని గీతలపై పోగుపడును. నేటి పనివారు ఇసుకకు మారుగా తేయాకుపొడి చల్లి, క్రింద స్పీకరు పెట్టి చూతురు. ముగ్గు ఒకప్రక్కకు ఒరిగినచో ఆ ప్రక్క బద్దలో తేడా యున్నదని అనుమానింపవచ్చును.

పైపలక ఫలానా స్వరమే పలుకవలెను, వెనుకపలక దానికి ఇంత పైన పలుకవలెను, అని నియమము చెప్పువారు కలరు. నేను దానిని నమ్మను. చేతిలో వ్రేలాడు పలకకు అంచులు స్వేచ్ఛగా నుండును. ప్రక్కలకు అంటించిన వెంటనే అంచులు బిగిసి, పలుకు వేరొకటి యగును. పైగా ఒకే మ్రానునుండి కోసిన రెండు పలకలైనను ఒకటిగా నుండవు. ఒకే స్వరము వచ్చువరకు రెంటిని చెక్కినచో రెండు వేర్వేరు మందములు వచ్చును.

నేటి గిటారునకు రూపమిచ్చినవాడు స్పెయిన్ దేశమున ఆల్మెరియా ప్రాంతీయుడగు ఆంటోనియో దె తోర్రెస్ (1817-1892). అతడు 1862లో పైపలకను మాత్రము స్ప్రూస్‌తో చేసి, వెనుకను ప్రక్కలను అట్టతో కట్టి ఒక గిటారు నిర్మించెను. అది బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో నున్నది. గిటారు ప్రాణమంతయు పైపలకలోనే యున్నదని చూపుటకు అట్లు చేసెనందురు. అతని రహస్యమేమని అడిగినవారికి, అది తన బొటనవ్రేలి కొనయందును చూపుడువ్రేలి కొనయందును ఉన్నదనియు, దానిని ఒకరికి అప్పగించుట తన వశము కాదనియు చెప్పెనని అతని నెరిగిన ఒక మతాచార్యుడు తరువాత వ్రాసెను.

పెట్టె మూసిన పిదప పరీక్ష మారును. రంధ్రముకడ నోరుంచి కూనిరాగము తీయుడు. ఒకచోట పెట్టె మీతో కలిసి హుంకరించును. అది లోపలి గాలి స్వరము, సెకనుకు సుమారు 100 కంపనములు. గుర్రముపై తట్టినచో పలక స్వరము దానికి ఇంచుమించు రెట్టింపున వినబడును. ఇది సరిగా ఏదో ఒక మెట్టు స్వరముపై పడినదా, ఆ ఒక్క మెట్టు పెల్లుబికి మ్రోగి వెంటనే చచ్చిపోవును. అందుచే దానిని రెండు మెట్ల నడుమకు జరుపుటకు పనివాడు రంధ్రములో చేయిదూర్చి బద్దను కొంచెము గీకును. ఫోనులోనే కంపనసంఖ్యను చూడగల ఈ దినములలో ఆ సంఖ్య దొరకుట సులభమే. ఏ బద్దను, ఎంత గీకవలెనో ఫోను చెప్పదు.

మన సముద్రతీరమున నున్నవారికొక హెచ్చరిక. వానకారున చెక్క తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును. బరువెక్కి, శ్రుతి దిగును. అప్పటి పలుకును నమ్మి చెక్కి, అప్పుడే అతికించిన పలక ఎండలు రాగానే ముడుచుకొని పోగు వెంబడి చీలును. గదిలో తేమ నూటికి 45 ప్రాంతమున నిలుపుకొని, పలకను అందులో కొన్ని వారములు ఆరనిచ్చి, అటు పిమ్మట తట్టవలెను. తీగలు బిగించిన తరువాతను పెట్టె కొన్నాళ్లపాటు కుదురుకొనుచుండును. అంతవరకు నేను ఉలిని ముట్టను.