చలికాలమున కుండీ మార్చవచ్చునా?

సంక్రాంతి సమీపించుచున్నదనగానే మన యిండ్లలో బూజు దులుపుట, వెల్ల వేయుట, సామానులు కదలించుట ప్రారంభమగును. వరండాలోని పూలకుండీలు కూడ ఆ కదలికలో చేరును. ఎటులైనను కదలించితిమి గదా, ఈ మొక్కను పెద్ద కుండీలోనికి మార్చుదమని గృహిణి తలంచుట సహజమే. కాని సంవత్సరము మొత్తములో ఆ పనికి మిక్కిలి అననుకూలమైన దినములు అవియే. ఈ సంగతిని తల్లిదండ్రులకు కొంచెము వివరముగా తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇందులకు మా పాఠశాలకు సంబంధించిన కారణమొకటి కలదు. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీగారు ప్రారంభించిన వనమహోత్సవమును పురస్కరించుకొని, ప్రతి జూలైలో మేము పిల్లలకు తలకొక మొక్క ఇచ్చుచున్నాము. తులసి, కలబంద, మనీప్లాంటు మొదలగునవి వానిలో ముఖ్యములు. వర్షకాలమంతయు ఏపుగా పెరిగిన ఆ మొక్కలలో అనేకము పుష్యమాసము వచ్చుసరికి వాడిపోవుచున్నవి. విచారించి చూడగా, పెక్కింటిని పండుగకు ముందు పెద్ద కుండీలలోనికి మార్చి, రెండు పూటల నీరు పోసిరని తేలుచున్నది. అనగా ఆ మొక్కలు అశ్రద్ధవలన చావలేదు. వేళగాని వేళ చూపిన శ్రద్ధవలన చచ్చినవి. పిల్లవాడు మాత్రము తన చేతిలో మొక్క బ్రతుకదని అనుకొనుచున్నాడు. ఆ తలంపు వాని మనస్సున నాటుకొనుట మాకు ఇష్టము లేదు.

మన హోసూరు, బెంగుళూరు ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రివేళ ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీల సెంటీగ్రేడు వరకు, కొన్ని రాత్రులలో ఇంకను క్రిందికి దిగును. జూన్ నెల పగటికంటె డిసెంబరు పగలు దాదాపు గంటన్నర తక్కువ. మంచు కురియు దేశములవారికి ఇది చలియే కాకపోవచ్చును. కాని మన యిండ్లలో పెరుగు మొక్కలలో అధికము ఉష్ణదేశములవి. మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రములోని ద్వీపములనుండి, స్నేక్‌ప్లాంటు పశ్చిమ ఆఫ్రికానుండి వచ్చినవి. వెలుతురు, వెచ్చదనము తగ్గగానే ఇట్టివి ఎదుగుదల మందగించి, విశ్రమించును. ఈ దినములలో తులసి ఆకులు చిన్నవై, కొన్ని పండి రాలుటకు ముఖ్యకారణము ఇదియే.

ఇక వేళ్ల సంగతి చూతము. మొక్క నీటిని త్రాగునది లావు వేళ్లతో గాదు. వేళ్ల చివరలకు దగ్గరగా నుండు సన్నని నూగువంటి మూలకేశములతో. కుండీ మార్చునప్పుడు ఎంత జాగ్రత్త వహించినను వీనిలో కొన్ని తెగును. మట్టి వెచ్చగా నున్న కాలమున క్రొత్తవి త్వరలోనే పుట్టును. మట్టి చల్లబడినప్పుడు అందులకు చాల దినములు పట్టును. ఈలోపల ఆకులనుండి బాష్పోత్సేకముచే నీరు పోవుచునే యుండును. ఆకులు వ్రేలాడును. అది చూచి మనము మరింత నీరు పోయుదుము. త్రాగుటకు వేరు లేదు, ఆర్చుటకు ఎండ లేదు. ఆ తడిలో గాలి యందక ఉన్న వేళ్లు గూడ కుళ్లును.

కుండీ మరీ పెద్దదైనచో ఈ ప్రమాదము హెచ్చగును. ఎదుగు పిల్లవానికి రెండేండ్లకు సరిపోవునట్లు చొక్కా కుట్టించుట మన అలవాటు. మొక్కకు ఆ లెక్క పనికిరాదు. వేరు చేరని మట్టిలోని నీటిని త్రాగువారు లేరు. కావున క్రొత్త కుండీ పాతదానికంటె ఒకటి, రెండు అంగుళములు వెడల్పైన చాలును.

అట్లని చలికాలమున కుండీని ముట్టనే రాదని మేము చెప్పుట లేదు. కుండీ పగిలినప్పుడును, మట్టినుండి కుళ్లువాసన వచ్చినప్పుడును, వేళ్లు చెడి మొక్క మొదలు మెత్తబడుచున్నప్పుడును వెంటనే మార్చక తప్పదు. వేళ్లు అడుగు రంధ్రమునుండి బయటికి వచ్చుట, పోసిన నీరు నిలువక దిగిపోవుట మాత్రము తొందరపడవలసిన గుర్తులు కావు. అట్టి మొక్క రెండు నెలలు ఆగగలదు. అంతవరకు వేళ్లకు తగులకుండ పైమట్టిని అంగుళము మేర గీకి తీసి, బాగుగా మాగిన ఎరువు కలిపిన మట్టిని పరచిన చాలును.

తప్పనిసరియైనచో ఈ క్రమమున చేయవలెను. ఎండ వచ్చిన దినమున, పగలు పది గంటలకు పిమ్మట పని ప్రారంభింపవలెను. మట్టి పొడిగానున్నచో ముందటి దినము కొంచెము నీరు పోసిన గడ్డ విడిపోక వచ్చును. ఎర్రమన్ను రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి సిద్ధము చేసికొనవలెను. కలబందకు ఇసుక ఇంకను ఎక్కువ కలుపవచ్చును. మన్ను జారిపోకుండ అడుగు రంధ్రముపై పెంకు ముక్క నుంచవలెను. అడుగున గులకరాళ్లు దట్టముగా పోసినచో నీరు బాగుగా దిగునని పలువురి నమ్మకము. అది నిజము కాదు. నీరు ఆ రాళ్లపైన, మట్టి అడుగుననే నిలిచి వేళ్లకు దగ్గరయగును.

మొక్క మొదలును వ్రేళ్ల నడుమ నుంచుకొని, కుండీని తలక్రిందులు చేసి, అంచును మెల్లగా తట్టవలెను. కాండమును పట్టి లాగరాదు. నల్లబడి మెత్తనైన వేళ్లను శుభ్రమైన కత్తెరతో తీసివేయవలెను. గట్టిగానున్న వేళ్లను, వానిని అంటియున్న పాతమట్టిని వీలైనంతవరకు అట్లే యుంచవలెను. పూర్వమెంత లోతున నున్నదో అంతే లోతున నాటి, నీటికై పైన అంగుళము వదలవలెను. ఒకసారి అడుగునుండి కారువరకు నీరు పోసి, పళ్లెములో నిలిచిన నీటిని పారబోయవలెను. కలబందకు, స్నేక్‌ప్లాంటుకు మాత్రము నాలుగైదు దినములు ఆగి నీరు పోయుట మంచిది.

తరువాత పది దినములు వెలుతురు గల నీడలో నుంచవలెను. రాత్రి చలిగాలి తగులని గోడవార అయినచో మరియు మేలు. వ్రేలు పెట్టి చూచి, అంగుళము లోతువరకు ఆరిననే నీరు పోయవలెను. నెల దినములు ఎరువు వేయరాదు. తులసిని మాత్రము పది దినముల పిదప క్రమక్రమముగా ఎండకు అలవాటు చేయవలెను.

అన్ని మొక్కలకు ఒకే నియమము కాదు. మల్లెకు కొమ్మలు కత్తిరించు కాలము ఈ చలి దినములే. కావున దాని కుండీ మార్చుటకు అప్పుడే అదను. తక్కినవానికి శివరాత్రి వరకు ఆగుట ఉత్తమము. చలి శివశివా యని పోవునని పెద్దలు చెప్పిన ఆ సమయమునకే పగళ్లు పెరిగి, కణుపులలో చిగురు కనబడును. చిగురు కనబడినదే కుండీ మార్చుటకు ముహూర్తము.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటియే. ఈ పనిని పిల్లల చేత చేయించుడు; మీరు ప్రక్కన నుండి చెప్పుడు. చిగురు, తొడిమ, కణుపు, పెంకు, మాగిన ఎరువు అను మాటలు మేము నల్లబల్లపై వ్రాయగలము. కాని చేతికి మట్టి అంటినప్పుడు అమ్మ నోట, నాయన నోట విన్న మాట బిడ్డకు మరపురాదు. పొరుగు భాషల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు ఇట్టి మాటలు వినబడు చోట్లు తక్కువ. ఈ సంక్రాంతికి కుండీలను తుడిచి, ముగ్గు పెట్టి, వాని చోటనే యుంచుడు. శివరాత్రి వెళ్లిన తరువాత ఒక ఆదివారము ఉదయము బిడ్డతో కూర్చుండి మార్చుడు. వచ్చు జూలైలో ఆ బిడ్డ తన మొక్కనుండి తీసిన తులసి నారునో, కలబంద పిలకనో పాఠశాలకు తెచ్చి చిన్న తరగతి పిల్లలకు ఇచ్చినచో మాకు అంతకు మించిన సంతోషము లేదు.