పక్షవాతం వచ్చిన ఇంట్లో: పరిశోధనలు చెబుతున్న మాట



కొల్లేటి లంక గ్రామంలోనైనా, ఏలూరు పేటలోనైనా, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఇంటి పెద్దకు పక్షవాతం వచ్చిందంటే ఆ ఇల్లంతా తలక్రిందులవుతుంది. నిన్నటివరకు దోనె నడిపిన చెయ్యి నేడు గ్లాసు పట్టుకోలేదు. చూడవచ్చిన ప్రతివారూ ఒక సలహా ఇస్తారు. పావురం రక్తం రాయమని ఒకరు, ఫలానా ఊరి పసరు వేయించమని ఒకరు, మంచం దిగనివ్వవద్దని మరొకరు. ఆస్పత్రిలో "వ్యాయామం చేయించండి" అని ఒక మాట చెప్పి పంపుతారు. ఏ వ్యాయామం? ఎంతసేపు? ఎవరు చేయించాలి? ఈ ప్రశ్నలకు కొన్ని దేశాల వైద్యులు ఓపికగా పరీక్షలు జరిపి జవాబులు వెదికారు. వాటిలో మన కుటుంబాలకు పనికివచ్చేవి ఇక్కడ తెలుపుతున్నాము.

పరీక్ష ఎలా జరుగుతుంది?

ఒక చికిత్స మంచిదా కాదా అని తేల్చడానికి ఒకరిద్దరు బాగుపడ్డారన్న సాక్ష్యం చాలదు. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మొదటి వారాల్లో కొంత బలం దానంతట అదే తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఏ పసరు పూసినా ఆ పేరు పసరుకే దక్కుతుంది. అందుచేత పరిశోధకులు రోగులను చీట్లు వేసినట్లు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు కొత్త చికిత్స, రెండవ గుంపుకు మామూలు చికిత్స ఇచ్చి, కొన్ని నెలల తరువాత పోల్చి చూస్తారు.

మంచం చేసే నష్టం

1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను 20 రోజులు మంచం మీదనే ఉంచి పరీక్షించారు. శ్రమించేటప్పుడు ప్రాణవాయువును వాడుకునే వారి శక్తి దాదాపు నాలుగో వంతు పడిపోయింది. 30 సంవత్సరాల తరువాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. అన్నేళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ 20 రోజుల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఏ జబ్బూ లేని యువకులకే ఇలా జరిగితే, అరవై ఏళ్ల రోగిని నెలల తరబడి మంచానికే అంటిపెట్టితే ఏమవుతుందో ఆలోచించండి.

అయితే తొందర కూడా కూడదు. ఐదు దేశాలలో 2,104 మంది పక్షవాత రోగులతో జరిపిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మొదటి 24 గంటల్లోనే లేపి, పదేపదే ఎక్కువసేపు నడక అభ్యాసం చేయించిన గుంపులో 46 శాతం మంది బాగా కోలుకున్నారు. మామూలు పద్ధతిలో చూసుకున్న గుంపులో 50 శాతం మంది కోలుకున్నారు. కాబట్టి మొదటి రోజు ఎప్పుడు లేపాలో వైద్యుడే చెప్పాలి. తరువాత మాత్రం కొద్దికొద్దిగా, తరచుగా లేపడం మంచిది.

యంత్రమా, మనిషా?

పొలం తాకట్టు పెట్టి పట్నంలో యంత్రాల మీద నడిపించాలా అని చాలామంది దిగులుపడతారు. 2011లో అమెరికాలో 408 మందితో జరిగిన పరీక్ష దీనికి ఊరటనిచ్చింది. కొందరిని పైనుండి పట్టీలతో ఆనిక ఇచ్చి, కదిలే యంత్రంపై నడిపించారు. మరికొందరి ఇంటికే ఫిజియోథెరపిస్టు వెళ్లి బలానికీ, నిలకడకూ వ్యాయామాలు చేయించాడు. ఒక్కొక్కటి 90 నిమిషాల చొప్పున 30 నుండి 36 సార్లు. సంవత్సరం గడిచేసరికి అందరినీ కలిపి చూస్తే నూటికి 52 మంది నడకలో మెరుగుపడ్డారు. యంత్రం మీద నడిచినవారు ఇంట్లో చేసినవారిని మించలేదు.

మన దేశపు పరీక్ష

ఫిజియోథెరపిస్టు దొరకని పల్లెల్లో ఇంటివారికే నేర్పితే ఎలా ఉంటుంది? ఇది మన దేశానికి చెందిన ప్రశ్న. 2014 నుండి భారతదేశంలోని 14 ఆస్పత్రులలో 1,250 మంది రోగులతో దీన్ని పరీక్షించారు. ఒక గుంపులో భార్యకో, కొడుకుకో, కోడలికో వ్యాయామాలు నేర్పి ఇంటికి పంపారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తరువాత మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. ఇంటివారికి నేర్పినందువల్ల అదనపు మేలు కనబడలేదు.

ఈ ఫలితాన్ని తప్పుగా అర్థం చేసుకోకూడదు. వ్యాయామం వృథా అని గాని, ఇంటివారి సేవ వృథా అని గాని ఇది చెప్పడం లేదు. కొద్దిపాటి తర్ఫీదుతో ఇంటివారు శిక్షణ పొందిన చికిత్సకుని లోటు తీర్చలేరని మనం గ్రహించవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మామగారు లేచి తిరగకపోతే "కోడలు సరిగా చేయించలేదు" అనే నింద మన ఊళ్లలో వింటాము. ఆ నింద అన్యాయం. మెదడుకు తగిలిన దెబ్బ ఎంత పెద్దదన్నది కోడలి చేతిలో లేదు. పరామర్శకు వెళ్లే సంఘస్థులు ఆమెను తప్పుపట్టడానికి బదులు, వారానికి ఒక పూట ఆమెకు విశ్రాంతినిచ్చి తాము రోగి దగ్గర కూర్చుంటే ఎంతో మేలు. రోగిని ఏలూరుకో, గూడెంకో ఫిజియోథెరపిస్టు దగ్గరకు తీసుకువెళ్లడానికి తోడుగా వెళ్లవచ్చు.

ఇంట్లో చేయదగినవి

1. మింగగలడో లేదో వైద్యుడు చూచిన తరువాతనే జావ, నీళ్లు పట్టండి. పొరపోతే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

2. కదలలేని రోగిని రెండేసి గంటలకు ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు తిప్పండి. పడకపుండ్లు రావు.

3. పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపవద్దు. భుజం కీలు జారుతుంది.

4. చేతికి పనికివచ్చే పనే అభ్యాసంగా ఇవ్వండి. ఒక గంపలోని ఉల్లిపాయలు మరో గంపలో వేయడం, వల ముడి వేయడం, చెంబు ఎత్తడం. ఒకటి రెండుసార్లు చాలదు, పదులసార్లు చేయాలి.

5. వేళ్లు కొంత కదిలేవారికి మరొక పద్ధతి ఉంది. 2006లో వెలువడిన ఒక పరీక్షలో మంచి చేతికి రెండు వారాలపాటు తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. ఆ మేలు సంవత్సరం తరువాత కూడా నిలిచింది. ఇది ఫిజియోథెరపిస్టు చూపగా చేయవలసినది.

6. రక్తపోటు బిళ్లలు మానవద్దు. రెండవసారి పక్షవాతం రాకుండా కాపాడేవాటిలో అవి ముఖ్యమైనవి.

మూతి వంకర, చెయ్యి వాలడం, మాట తడబడడం కనబడిన క్షణమే 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అదీ స్కానింగు తీసి చూచిన తరువాతనే. లంకల నుండి ఆస్పత్రి చేరడానికే ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. పసరుకోసం పోయిన గంట తిరిగి రాదు.

చక్రాల కుర్చీలోని వైద్యురాలు

మన దేశంలో ఈ పునరావాస వైద్యానికి పునాది వేసినవారిలో డాక్టర్ మేరీ వర్గీస్ ఒకరు. కొచ్చిన్‌లో పుట్టి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన ఈమెకు 1954లో కారు ప్రమాదంలో నడుము క్రింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ వద్ద శిక్షణ పొంది తిరిగివచ్చి, 1966లో వేలూరులో పునరావాస కేంద్రాన్ని నెలకొల్పారు. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

ఆమె కాళ్లకు బలం తిరిగి రాలేదు. మిగిలిన చేతులతో ఎంత పని చేయవచ్చో ఆమె చూపారు. మీ ఇంట్లో మంచాన ఉన్న తండ్రికి మునుపటి నడక పూర్తిగా రాకపోవచ్చు. అయినా తన అన్నం తాను కలుపుకొని తినడం, అరుగుమీద కూర్చుని వల బాగుచేయడం చిన్న సంగతులు కావు. ఆ మెట్టు దాకా చేర్చడానికి ఓపిక మీరు పెట్టండి, పద్ధతి తెలిసినవారిని అడగండి.