ఒక లెక్క, రెండు జవాబులు

మా అక్క కుమార్తె పదవ తరగతి చదువుతున్నది. ఒక ఆదివారం మధ్యాహ్నం తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఉన్నది జాతీయ పాఠ్యపుస్తకంలోని లెక్క. ఒక ధర్మసంస్థ ప్రార్థన మందిరం కట్టదలచినది. మందిరం వైశాల్యం 300 చదరపు మీటర్లు. దాని పొడవు వెడల్పునకు రెట్టింపు కంటె ఒక మీటరు అధికం. కొలతలు ఎంత?

వెడల్పు 12 మీటర్లు లేదా మైనస్ పన్నెండున్నర మీటర్లు అని ఆమె వ్రాసింది. రెండవ జవాబును ఎర్రసిరాతో కొట్టివేసి ఉన్నది.

“పిన్నీ! సూత్రమే కదా ఈ రెండో జవాబు ఇచ్చింది? మరి సూత్రం తప్పా, నేను తప్పా?”

గణితానికి జడిసి ఆంగ్ల సాహిత్యంలో తలదాచుకున్న నా వంటి వ్యక్తిని అడుగవలసిన ప్రశ్న కాదది. నేను పదవ తరగతిలో ఉండగా మా బడిలో వర్గ సమీకరణాల పాఠం ఒక్క పీరియడులో ముగిసినది. “మైనస్ బీ, ప్లస్ ఆర్ మైనస్, రూట్ ఆఫ్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, బై టూ ఏ” అని తరగతి అంతా కలిసి వల్లించాము. ఆ మంత్రం నాకు ఈనాటికీ కంఠస్థమే. అది ఎక్కడినుంచి వచ్చినదో మాత్రం మొన్నమొన్నటి వరకు తెలియదు. మా అమ్మాయి పుణ్యమా అని నలభై ఏళ్లు దాటిన తరువాత తెలుసుకున్నాను.

ఈ లెక్క వయస్సు చాలా ఎక్కువ. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న సుమారు నాలుగు వేల ఏళ్లనాటి బాబిలోనియా మట్టిపలకపై మొదటి ప్రశ్న ఇదే కోవలోనిది: ఒక చతురస్రం వైశాల్యాన్నీ భుజాన్నీ కలిపితే ముప్పాతిక వచ్చినది, భుజమెంత? జవాబు అర. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరంలో అల్ ఖ్వారిజ్మీ చూపిన పద్ధతికైతే కాగితమూ కత్తెరా చాలు. ఆయన తీసుకొన్న ప్రశ్న: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు పది రెట్లు కలిపితే 39. ఆ సంఖ్య ఏది?

ఆ సంఖ్య భుజంగా ఒక చతురస్రం కత్తిరించండి. ‘పది రెట్లు’ అనేది అదే పొడవూ పది వెడల్పూ గల దీర్ఘచతురస్రం. దానిని నిలువునా రెండుగా చీల్చి, అయిదేసి వెడల్పు గల ఆ పట్టీలను చతురస్రానికి పక్కన ఒకటి, కింద ఒకటి అతికించండి. మొత్తం వైశాల్యం 39. ఆకారం పెద్ద చతురస్రం కాబోయి ఒక మూల వెలితిగా ఆగిపోతుంది. ఆ మూల అయిదు అయిదుల ఇరవై అయిదు. దానిని పూరిస్తే మొత్తం 64, అనగా భుజం 8. అందులో అయిదు పోగా మిగిలిన 3 మనకు కావలసిన సంఖ్య. వర్గాన్ని పూర్తిచేయడమంటే ఇదే. నేను వల్లించిన మంత్రంలోని ప్రతి అక్షరమూ ఈ వెలితి మూల నుంచే పుట్టినది.

విచారకరమైన సంగతి ఏమంటే, పాఠ్యభారం తగ్గించే ప్రయత్నంలో జాతీయ పాఠ్యపుస్తకం 2023 ముద్రణ నుంచి ఈ భాగాన్నే తొలగించారు. కారణాంకాల పద్ధతి ఉన్నది, సూత్రం ఉన్నది. రెండింటికీ నడుమనున్న వంతెన లేదు. పిల్లల మోత తగ్గించవద్దని నేననను. కాని కారణం తెలిసిన సూత్రం కంటె కారణం తెలియని సూత్రమే బరువైనదని, మోసినదానిగా చెప్పగలను.

మన పూర్వులు ఈ ప్రక్రియకు పెట్టిన పేరు ‘మధ్యమాహరణం’, అనగా నడిమి పదాన్ని తొలగించడం. అనువాదకురాలిగా ఆ పేరు నన్ను ముగ్ధురాలిని చేసినది. చేయవలసిన పని అంతా పేరులోనే ఉన్నది గదా! శ్రీధరాచార్యుని బీజగణిత గ్రంథం నేడు లభ్యం కాదు. ఆయన సూత్రాన్ని 1150లో భాస్కరాచార్యుడు తన గ్రంథంలో ఉదాహరించడం వల్ల అది మనకు దక్కినది. మందిరం లెక్కతోనే చూద్దాము. వెడల్పు వర్గానికి రెండింతలు, దానికి వెడల్పు కలిపితే 300. వర్గానికి ముందున్న రెండును నాలుగుతో గుణిస్తే ఎనిమిది. రెండు వైపులా ఎనిమిదితో గుణించి, నడిమి పదపు గుణకమైన ఒకటి వర్గాన్ని కలపాలి. కుడివైపు 2401 వస్తుంది. అది 49 వర్గం. ఎడమవైపున ఉన్నది వెడల్పునకు నాలుగు రెట్లు, మరొక ఒకటి కలిసిన మొత్తపు వర్గం. కనుక నాలుగు వెడల్పులు 48, వెడల్పు 12. దారిలో ఎక్కడా భిన్నం తగులలేదు.

అయితే 49 వర్గమే కాదు, మైనస్ 49 వర్గం కూడా 2401. ఎర్రసిరా పడిన జవాబు అక్కడినుంచి వచ్చినది.

ఇటువంటి జవాబును ఏమి చేయాలన్న ప్రశ్న భాస్కరునికీ ఎదురైనది. ఆయన కోతుల లెక్కలు రెండు చెప్పాడు. ఒక గుంపులో ఎనిమిదవ వంతు వర్గమంత సంఖ్య తోటలో గెంతుతున్నది, పన్నెండు కొండమీద ఉన్నవి. గుంపు మొత్తం ఎంత? 48 అయినా సరిపోతుంది, 16 అయినా సరిపోతుంది. రెండూ ఒప్పుకొన్నాడు. రెండవ లెక్కలో గుంపు అయిదవ వంతులో మూడు తీసివేసి వర్గం చేయగా వచ్చినన్ని కోతులు గుహలో దూరినవి, ఒకటి మాత్రం కొమ్మమీద కనిపించినది. జవాబు 50 లేదా 5. కాని అయిదులో అయిదవ వంతు ఒకటి. అందులోనుంచి మూడు కోతులను తీయడమెట్లా? ఋణసంఖ్యలో కోతులుంటాయంటే లోకులు నమ్మరని చెప్పి, భాస్కరుడు ఆ జవాబును వదిలివేశాడు. గమనించవలసినదేమంటే, ఆయన దానిని కనుగొని, చూపి, కారణం చెప్పిన తరువాతనే వదిలాడు.

రెండు జవాబులూ నిజమయ్యే సందర్భాలు బడి మైదానంలోనే దొరుకుతాయి. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువునా విసరండి. గాలి నిరోధాన్ని విడిచి, గురుత్వ త్వరణాన్ని పదిగా తీసుకొంటే, బంతి 15 మీటర్ల ఎత్తులో ఎప్పుడు ఉంటుంది? ఒక సెకను తరువాత, మళ్లీ మూడు సెకన్ల తరువాత. మొదటిది ఎక్కేటప్పుడు, రెండవది దిగేటప్పుడు. 20 మీటర్ల ఎత్తులో ఎప్పుడంటే ఒకే జవాబు, రెండు సెకన్లు. 25 మీటర్ల ఎత్తును అది ఎన్నడూ చేరదు. అప్పుడు వర్గమూలం కింద ఋణసంఖ్య పడి లెక్క మొరాయిస్తుంది. పాఠ్యపుస్తకాలలో ‘విచక్షణి’ అనే గంభీరమైన పేరుతో ఉన్నది ఇదే. బంతి ఎత్తును కాలానికి ఎదురుగా గ్రాఫు కాగితంపై గుర్తించినప్పుడు ఏర్పడే పరావలయం ముందుంటే, ఒక్క అడ్డగీతను పైకీ కిందికీ జరుపుతూ ఈ మూడు సంగతులూ చూపించవచ్చును.

ఇవన్నీ అందరికీ అవసరమా అన్న వివాదం ఇంగ్లండులో ముదిరి, 2003 జూన్‌లో కామన్స్ సభ దాకా వెళ్లినది. టోనీ మెక్‌వాల్టర్ అనే సభ్యుడు వర్గ సమీకరణం పక్షాన నిలిచి ప్రసంగించాడు. ఒక సమీకరణానికి పార్లమెంటులో వకీలు దొరకడం అరుదైన విషయమే.

ఇక మా అమ్మాయి ప్రశ్న. సూత్రం తప్పు కాదు, నీదీ తప్పు కాదు, మందిరానికి మైనస్ వెడల్పు ఉండదు గనుక కొట్టివేశారు, భాస్కరుడు చేసినదీ అదే అని చెప్పాను. తృప్తి పడలేదు. కాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చున్నది.

“వెడల్పు మైనస్ పన్నెండున్నర అయితే, పొడవు దానికి రెట్టింపు, ఒకటి ఎక్కువ... మైనస్ ఇరవై నాలుగు. రెండూ గుణిస్తే మళ్లీ మూడు వందలే వస్తోంది, పిన్నీ!”

అవును, రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయినవి. తరువాత ఆమె రెండు మైనస్ గుర్తులనూ రబ్బరుతో తుడిచివేసింది. మిగిలినది 24 మీటర్ల పొడవు, పన్నెండున్నర మీటర్ల వెడల్పు గల నిజమైన గది. దాని పొడవు వెడల్పునకు రెట్టింపు కంటె ఒక మీటరు తక్కువ. పుస్తకం అడిగినది ‘ఎక్కువ’ గల మందిరాన్ని. కొట్టివేసిన జవాబు, ఎవరూ అడుగని ‘తక్కువ’ గల మందిరానిది.

“సార్‌కి చూపిస్తాను” అంటూ గ్రాఫు కాగితం కోసం లోపలికి పరుగెత్తింది.