అలర్జీ ఉన్న పిల్లికి ఇంటి ఆహారం: మాంసంలో ఇంకా ఏం కలపాలి?

పిల్లి మెడ, చెవుల చుట్టూ అదేపనిగా గోక్కుంటుంది. బొచ్చులో వేళ్లు పెట్టి తడిమితే సజ్జ గింజలంత పొక్కులు తగులుతాయి. కొన్నింటికి వాంతులు, విరేచనాలు కూడా అవుతాయి. ఫ్లీ పురుగులు లేవని, ఇన్ఫెక్షన్ కాదని తేలాక పశువైద్యులు ఆహార అలర్జీని అనుమానిస్తారు. ఆ మాట వినగానే కొందరు యజమానులు కొన్న ఆహారం మానేసి, ఇంట్లోనే పచ్చి మాంసం పెట్టడం మొదలుపెడతారు. పిల్లి వేటాడే జంతువే కాబట్టి మాంసం ఒక్కటే చాలదా అన్నది వారి ప్రశ్న.

చాలదు. మాంసంలో లేని పోషకాలు కలపకపోతే గుండె, ఎముకలు దెబ్బతింటాయి. కలిపే పొడిలో ఏముందో చూడకపోతే తగ్గిన దురద మళ్లీ మొదలవుతుంది.

అలర్జీకి కారణం ఏమిటి?

ఆహారంలోని ఏదో ఒక ప్రొటీన్‌ను రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా పొరబడటమే అలర్జీ. పిల్లులపై వచ్చిన అధ్యయనాలను 2016లో సమీక్షించినప్పుడు గొడ్డు మాంసం (18 శాతం), చేప (17 శాతం), కోడి మాంసం (5 శాతం) ప్రధాన కారణాలుగా తేలాయి. మన ఇళ్లలో పిల్లి అనగానే గుర్తొచ్చే చేప ఈ జాబితాలో రెండో స్థానంలో ఉంది. పాలు తాగాక విరేచనాలైతే మాత్రం చాలాసార్లు అది అలర్జీ కాదు. పెద్ద పిల్లుల్లో పాలలోని లాక్టోజ్ సరిగా అరగదు, అంతే.

ఇక్కడ అసలు సమస్య ఆ ప్రొటీన్. అది పచ్చిదా, వండినదా అన్నది కాదు. కోడి మాంసం పడని పిల్లికి పచ్చి కోడి కూడా పడదు. పచ్చి ఆహారానికి మారాక దురద తగ్గిందంటే, చాలావరకు మాంసం రకం మారి ఉంటుంది.

రక్తం, వెంట్రుకల పరీక్షలు ఈ అలర్జీని నమ్మకంగా చెప్పలేవు. నమ్మదగిన మార్గం వర్జన ఆహారం. పిల్లి ఇదివరకు ఎన్నడూ తినని ఒకే ఒక్క మాంసాన్ని కనీసం 8 వారాలు పెడతారు. ఆహార అలర్జీ ఉన్న పిల్లుల్లో 90 శాతానికి పైగా ఈ గడువులో తేరుకుంటాయి. తర్వాత పాత ఆహారం తిరిగి పెట్టినప్పుడు లక్షణాలు మళ్లీ కనిపిస్తే నిర్ధారణ అయినట్టే. కొత్త మాంసం నచ్చక పిల్లి రెండు రోజులు పస్తుంటే మొండిగా ఎదురుచూడకూడదు. తిండి మానిన పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకు వస్తుంది. వెంటనే వైద్యులకు చూపించాలి.

ఒట్టి మాంసంలో ఏం లోపిస్తుంది?

అడవి పిల్లి తినేది మాంసం ముక్క కాదు, మొత్తం ఎలుక. ఎముకలు, కాలేయం, గుండె అన్నీ దాని కడుపులోకి వెళ్తాయి. కండ మాత్రమే పెడితే మిగిలినవన్నీ మనం భర్తీ చేయాలి.

మొదటిది టౌరిన్. పిల్లి శరీరం దీన్ని తగినంత తయారు చేసుకోలేదు. ఇది లోపిస్తే కంటి రెటీనా క్షీణిస్తుందని 1975లోనే తెలిసింది. 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకుడు పాల్ పియాన్, సహచరులు ఇంకో విషయం చూపించారు. గుండె కండరం సాగిపోయి చనిపోతున్న పిల్లుల్లో టౌరిన్ తక్కువగా ఉంది. అది అందించాక గుండె తిరిగి కోలుకుంది. టౌరిన్ నీటిలో కరుగుతుంది కాబట్టి, మాంసం ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అదీ పోతుంది.

రెండోది కాల్షియం. ఇక్కడ చిన్న లెక్క వేయవచ్చు. కిలో ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ సుమారు 2 గ్రాములు ఉంటే, కాల్షియం 0.1 గ్రాము చుట్టూ మాత్రమే ఉంటుంది. పిల్లికి కాల్షియం ఫాస్ఫరస్‌తో సమానంగా, లేదా కొంచెం ఎక్కువగా ఉండాలి. అంటే కిలోకు ఇంకో 2 గ్రాములకు పైగా కాల్షియం కలపాలి. కాల్షియం కార్బొనేట్ బరువులో 40 శాతం కాల్షియమే కనుక, సుమారు 6 గ్రాముల పొడి ఆ లోటును పూడుస్తుంది. మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లికి ఈ లెక్క వేరు.

మూడోది విటమిన్లు. పిల్లి క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకోలేదు. ఎండలో పడుకున్నా చర్మంలో తగినంత విటమిన్ డి తయారు కాదు. రెండూ తిండి నుంచే రావాలి. అలాగని ఎక్కువ పెట్టినా ముప్పే. రోజూ కాలేయం మేపిన పిల్లుల్లో విటమిన్ ఎ పేరుకుని మెడ ఎముకలు అతుక్కుపోతాయి. మన మందుల షాపుల్లో దొరికే విటమిన్ డి పొట్లంలో 60,000 యూనిట్లు ఉంటాయి. 4 కిలోల పిల్లికి రోజుకు కావలసిన కనీస మోతాదు 20 యూనిట్ల చుట్టూ. అంటే ఒక్క పొట్లంలో ఎనిమిదేళ్లకు పైగా సరిపడేంత ఉంది. దాన్ని పిల్లి తిండిలో చల్లితే విషమే.

ప్రతి పొడికీ రెండు ప్రశ్నలు

అలర్జీ ఉన్న పిల్లికి ఏది కలిపినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఏ లోటు తీరుస్తుంది? దీనితో పాటు ఏ జంతువు ప్రొటీన్ వస్తోంది?

గుడ్డు పెంకు పొడి మంచి కాల్షియమే. కానీ దానికి అంటుకున్న పొరలో గుడ్డు ప్రొటీన్ ఉంటుంది. కోడి, గుడ్డు పడని పిల్లికి శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ నయం. బోన్ మీల్ పశువుల ఎముకల నుంచి వచ్చి ఉండవచ్చు. చేప పడని పిల్లికి ఒమేగా-3 కోసం చేప నూనె బదులు నాచు నూనె వాడవచ్చు. అవిసె నూనె ఆ పని చేయదు, ఎందుకంటే దానిలోని కొవ్వును పిల్లి తనకు కావలసిన రూపంలోకి చాలా కొద్దిగానే మార్చుకోగలదు. క్యాప్సూల్ తొడుగు జెలటిన్ కూడా పశువు లేదా చేప నుంచి తీసిందే. పిల్లులు ఇష్టంగా తినేలా చేసిన మాత్రల్లో చికెన్ రుచి కలిపి ఉండవచ్చు. టౌరిన్ మాత్రం కృత్రిమంగా తయారైన శుద్ధ పొడిగా దొరుకుతుంది, అందులో ప్రొటీన్ ఉండదు.

రుచి కోసం ఉల్లి, వెల్లుల్లి అస్సలు వద్దు. అవి పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి.

పచ్చిగానే పెట్టాలా?

పచ్చి మాంసంలో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. ఫ్రీజర్‌లో పెడితే అవి చావవు. కొన్ని పచ్చి చేపల్లోని థయమినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను నాశనం చేస్తుంది, వేడి తగిలితే అది పని చేయదు. ఇప్పుడు బర్డ్ ఫ్లూ కూడా తోడైంది. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఒరెగాన్‌లో పచ్చి టర్కీ మాంసంతో చేసిన ఆహారం తిన్న ఒక పెంపుడు పిల్లి హెచ్5ఎన్1 సోకి చనిపోయింది. 2025 ప్రారంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో ఈ వైరస్ బయటపడింది. అదే సమయంలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లలోనూ కనిపించింది. మాంసాన్ని బాగా ఉడికించి, ఆ రసంతో సహా చల్లార్చి, టౌరిన్, విటమిన్లు ఆ తర్వాత కలిపితే ఈ ముప్పు తప్పుతుంది. అలర్జీ చికిత్సకు దీనివల్ల ఏ నష్టమూ లేదు.

ఒక్కొక్కటిగా కలపండి

డేవిస్ పరిశోధకులే 2019లో పుస్తకాలు, ఇంటర్నెట్ నుంచి 114 పిల్లి ఆహార వంటకాలను సేకరించారు. విశ్లేషణకు వీలైన 94లో ఒక్కటి కూడా అన్ని పోషకాలనూ సరిపడా ఇవ్వలేదు. అందుకే వంటకం, మోతాదులు పశువైద్యుల చేతే, వీలైతే పశు పోషణ నిపుణుల చేతే లెక్క కట్టించుకోవాలి. వర్జన ఆహారం పెట్టే వారాల్లో వారు చెప్పిన శుద్ధమైన పొడులు తప్ప ఇంకేమీ కలపకూడదు. దురద తగ్గాక కొత్తవాటిని ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు వారాల ఎడంతో చేర్చాలి. రోజూ ఏం పెట్టారో, పిల్లి ఎంత గోక్కుందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. నాలుగు పొడులు ఒకేసారి కలిపితే, దురద తిరిగి వచ్చినప్పుడు ఏది కారణమో తేల్చడానికి మళ్లీ ఎనిమిది వారాలు వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.