పనిముట్ల అద్దె కేంద్రం

తొలకరి జల్లు పడిన తరువాత నేలలో పదును కొద్ది దినాలే నిలుస్తుంది. ఆ అదను దాటితే విత్తనం సరిగా మొలవదు. కాని యంత్రాలన్నింటినీ కొనగల స్తోమత అందరికీ ఉండదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సుమారు 86 శాతం కమతాలు రెండు హెక్టార్ల లోపువే. ఏడాదిలో కొన్ని రోజులే పనికివచ్చే యంత్రం కోసం చిన్న రైతు అప్పు చేయడం వివేకం కాదు. ఈ అవసరం నుండి పుట్టినదే పనిముట్లను అద్దెకిచ్చే వృత్తి. గ్రామీణ యువతకు ఇది చక్కని స్వయం ఉపాధి.

మొదట ఊరిలోని పంటలను, సాగుకాలాన్ని పరిశీలించాలి. డెల్టాలో వరినాటు యంత్రానికి, మెట్టలో విత్తే గొర్రుకు గిరాకీ ఉంటుంది. తరువాత లెక్క చూసుకోవాలి. 60,000 రూపాయల యంత్రం ఐదేళ్లపాటు ఏటా 60 రోజులు పనిచేస్తుందనుకొందాం. మొత్తం 300 రోజులు. అనగా రోజుకు 200 రూపాయలు అరుగుదలకే పోతాయి. దీనికి మరమ్మతులను, వడ్డీని కలపకుండా అద్దె నిర్ణయించినవాడు లాభమనుకొని పెట్టుబడినే ఖర్చు చేస్తాడు.

2015లో ఆరంభమైన ముద్రా పథకం కింద చిన్న వ్యాపారాలకు బ్యాంకులు పూచీకత్తు లేకుండా రుణాలిస్తున్నాయి.

యంత్రాన్ని ఇచ్చేటప్పుడు, తిరిగి తీసుకొనేటప్పుడు ఇద్దరూ పరీక్షించి, దాని స్థితిని పుస్తకంలో వ్రాసుకోవాలి. అందరూ ఒకేసారి అడిగే అదనులో వరుస తప్పరాదు. ఎక్కువ అద్దె ఇస్తామన్నవారి కోసం ముందుగా అడిగిన పేదరైతును ప్రక్కన పెడితే, అతని పొలంలో పదును ఆరిపోతుంది. మరుసటి ఏడు ఆ కేంద్రం గడప తొక్కేవారు తగ్గిపోతారు.